నాలుగో క్వార్టర్‌కి కాళ్లు ఎందుకు రావట్లేదు?

గుంటూరు నుంచి ఒక అమ్మాయి రాసింది, పేరు వద్దంది కాబట్టి వేయట్లేదు, ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైనవి నా మాటల్లో చెప్తాను. వయసు 22. బాస్కెట్‌బాల్‌లో గార్డ్‌గా, అంటే బాల్ ముందుకి తీసుకెళ్లి దూరం నుంచి షాట్లు వేసే స్థానంలో ఆడుతుంది, ఆరో క్లాస్ నుంచి ఒకే సార్ దగ్గర, ఆయన ఒక్క రూపాయి కూడా తీసుకోకుండా నేర్పించారు. యూనివర్సిటీ టీమ్‌కి ఆడింది, దూరం నుంచి షాట్ బాగా పడుతుందని అందరూ అంటారు. కిందటేడు ఒక డిపార్ట్‌మెంట్ టీమ్ సెలక్షన్ క్యాంప్‌కి వెళ్తే మూడో రోజు మ్యాచ్ అయ్యాక సెలక్టర్ పిలిచి, షాట్ బాగుందమ్మా కానీ నాలుగో క్వార్టర్‌కి నీకు కాళ్లు రావట్లేదు, ఫిట్‌నెస్ చూసుకుని మళ్లీ రా అని పంపించేశారంట. ఆ టీమ్‌లోకి తీసుకుంటే ఆటే ఉద్యోగం, నెలనెలా జీతం. మళ్లీ ట్రయల్స్ ఇంకో నాలుగు నెలల్లో ఉన్నాయి.

సార్‌కి చెప్తే స్టామినా తగ్గిందన్నారు, పొద్దున గ్రౌండ్ చుట్టూ 10 రౌండ్లు కాస్తా 15 అయ్యాయి. వెయిట్స్ మాటెత్తితే చెయ్యి బిగుసుకుపోతుంది, షాట్ పోతుంది అంటారు. అందుకని ఆయనకి చెప్పకుండా లక్ష్మీపురంలో ఒక జిమ్‌లో రాత్రిపూట చేరింది. అక్కడ ట్రైనర్ గంటసేపు ట్రెడ్‌మిల్, ఆ తర్వాత చేతులకీ భుజాలకీ మెషీన్లు చేయించి ఒక పౌడర్ డబ్బా కూడా కొనిపించాడు. ఇంటికొచ్చి పడుకునేసరికి పదకొండు, లేచేది పావు తక్కువ ఐదుకి. ఎడమ కాలు చీలమండ దగ్గర రెండుసార్లు మడతపడింది. బరువు తగ్గితే పరుగు వస్తుందని రాత్రి అన్నం మానేసింది, ఇప్పుడు మెట్లెక్కినా ఆయాసం వస్తోందంట. వాళ్లమ్మ జిమ్‌కెళ్తే ఒళ్లు మగాడిలా అయిపోతుందని, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇబ్బందని గొడవ. నాన్న మిర్చి యార్డ్‌లో గుమస్తా, ఈ నాలుగు నెలలు చూద్దాం, తర్వాత బ్యాంక్ కోచింగ్‌లో చేరు అన్నారు. ఇన్ని రాసి చివర్లో ఒక్క లైన్, రెండు నెలల నుంచి పీరియడ్స్ రావట్లేదక్కా అని. అడిగింది ఇదీ: "సార్‌ని వదిలేయాలా, జిమ్ మానేయాలా, లేకపోతే నా ఒంటి తత్వమే ఇంతా?"

చెల్లీ, నువ్వు చివర్లో పెట్టిన లైన్‌ని నేను ముందుకి తెస్తున్నాను. పీరియడ్స్ ఆగిపోవడం, మెట్లెక్కితే ఆయాసం, రాత్రి అన్నం లేకపోవడం, పొద్దునా రాత్రీ కష్టపడటం, ఈ నాలుగూ ఒకే చోట కనిపిస్తున్నాయంటే సమస్య స్టామినా దగ్గర మొదలవ్వలేదేమో అని నా అనుమానం. ఒంటికి ఖర్చయ్యేంత తిండి పడకపోతే శరీరం ముందు ఆపేసే పనుల్లో ఇదొకటి, ఆడపిల్లలు ఆడే ప్రతి ఆటలోనూ ఇది చూస్తాం, చాలామంది హమ్మయ్య నెలనెలా గొడవ తప్పింది అనుకుని ఊరుకుంటారు, అలా ఊరుకుంటే ఎముకలు బలహీనపడి కాలి ఎముకలో సన్నటి పగుళ్లు రావొచ్చు. వేరే కారణాలు కూడా ఉండొచ్చు, థైరాయిడ్ ఉండొచ్చు, అందుకే ముందు ఒక లేడీ డాక్టర్‌కి చూపించు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్ ఈ మూడు టెస్టులూ చేయించమని అడుగు. ఫెరిటిన్ ఎందుకంటే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో అదే చెప్తుంది, హిమోగ్లోబిన్ 12కి తగ్గకముందే నిల్వ ఖాళీ అయిపోయి ఉండొచ్చు. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనే చెప్తోంది, నువ్వు అందులో ఉండవని ఏమీ లేదు. రక్తంలో ఆక్సిజన్ మోసేదే తక్కువైతే 15 రౌండ్లు కాదు 30 తిరిగినా నాలుగో క్వార్టర్ అలాగే ఉంటుంది. మీ గుంటూరు ప్రభుత్వాసుపత్రి, అదే జీజీహెచ్‌లోనే చేయించుకోవచ్చు, బయట ల్యాబ్‌కే వెళ్లాలని లేదు. ఐరన్ మాత్రలు మాత్రం రిపోర్ట్ చూసి డాక్టర్ రాస్తేనే వేసుకో.

ఇక ఆట సంగతి. నీ ఉత్తరంలో నాకు బాధ కలిగించింది ఏంటంటే నువ్వు చేసేది తక్కువేం కాదు, చాలా ఎక్కువ చేస్తున్నావ్, కానీ అందులో బాస్కెట్‌బాల్‌కి పనికొచ్చేది కొంచెమే. చూడు, కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15. ఆట పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, బాల్ చేతికొస్తే 24 సెకన్లలో షాట్ వేయాలి. మ్యాచ్ మొత్తం ఆడిన ప్లేయర్ తిరిగే దూరం సుమారుగా ఐదారు కిలోమీటర్లు ఉంటుంది. నీ 15 రౌండ్లు కూడా 400 మీటర్ల ట్రాక్ అయితే సరిగ్గా ఆరు కిలోమీటర్లే! అంటే దూరం లెక్కలో సార్ తప్పేం చేయలేదు. తేడా అంతా ఆ దూరం ఎలా వెళ్తున్నావ్ అన్నదాంట్లో ఉంది. 1995లో ఆస్ట్రేలియాలో మగ ప్లేయర్ల మీద చేసిన ఒక స్టడీలో మ్యాచ్ మొత్తంలో దాదాపు వెయ్యిసార్లు కదలిక మారుతుందని లెక్క తేలింది, అంటే ఇంచుమించు రెండు సెకన్లకోసారి, పరిగెత్తు, ఆగు, పక్కకి జరుగు, ఎగురు, దిగు, మళ్లీ తిరుగు. గుండె వేగం కూడా ఎక్కువసేపు పైపైనే ఉంటుంది. ఒకే స్పీడులో నలభై నిమిషాలు గుండ్రంగా తిరిగే కాళ్లకి, సడన్‌గా ఆగి వెనక్కి తిరగడం ఎవరు నేర్పుతారు చెప్పు.

అలాగని రౌండ్లు దండగ అని నేను అనట్లేదు, ఆ మాట సార్‌తో నువ్వు కూడా అనొద్దు. స్ప్రింట్ కొట్టినప్పుడు కండరంలో వెంటనే వాడుకునేలా ఉన్న శక్తి కొన్ని సెకన్లలోనే అయిపోతుంది, ఫౌల్‌కి ఇచ్చే ఫ్రీ త్రో అప్పుడో టైమ్ అవుట్ అప్పుడో దొరికే ఆ చిన్న గ్యాప్‌లో అది మళ్లీ నిండాలంటే ఊపిరి, గుండె బాగుండాలి, ఆ పునాది రౌండ్ల వల్లే వస్తుంది, నీకు ఇన్నేళ్లుగా సార్ వేసింది ఆ పునాదే. ఇప్పుడు నాలుగు నెలల ముందు దాని మీద కట్టాల్సింది వేరే. వారానికి రెండు రోజులు ఆ రౌండ్ల బదులు కోర్టులోనే ఈ చివర నుంచి ఆ చివరికి 15 సెకన్లు ఫుల్ స్పీడ్, 30 సెకన్లు నడక, అలా ఆరేడు సార్లు, మూడు నిమిషాలు రెస్ట్, మళ్లీ ఇంకోసారి. ఒక్కో సెట్ అవ్వగానే ఆయాసంతోనే రెండు ఫ్రీ త్రోలు వేయాలి, ఎన్ని పడ్డాయో రాసుకోవాలి. ఇంకో రోజు ముగ్గురు ముగ్గురు ఫుల్ కోర్ట్ ఆడండి, నాలుగు నిమిషాల చొప్పున, మనుషులు తక్కువ ఉంటారు కాబట్టి ఎవరూ దాక్కోలేరు, అంతకంటే మంచి కండిషనింగ్ నాకైతే తెలీదు. బాల్ లేకుండా పరిగెత్తించేది ఎంత తగ్గిస్తే అంత మంచిదనేది నా గట్టి అభిప్రాయం, ముఖ్యంగా నీలాంటి షూటర్‌కి.

షాట్ గురించి సార్ భయం దగ్గరికి వద్దాం. ఒక తరం కోచ్‌లందరిదీ ఇదే భయం, మన దగ్గరే కాదు అమెరికాలో కూడా ఉండేది. సార్‌కి తప్పకుండా నచ్చే ఉదాహరణ అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడిన మైకేల్ జోర్డాన్. 1988, 89, 90 వరసగా మూడేళ్లు డెట్రాయిట్ పిస్టన్స్ టీమ్ వాళ్లు అతని మీద పడి నలిపి ప్లేఆఫ్స్ (సీజన్ చివర నాకౌట్ సిరీస్‌లు) నుంచి ఇంటికి పంపారు, ఆ రోజుల్లోనే టిమ్ గ్రోవర్ అనే ట్రైనర్‌ని పెట్టుకుని వెయిట్స్ మొదలెట్టాడు, 1991లో అదే పిస్టన్స్‌ని సిరీస్‌లో నాలుగుకి నాలుగు మ్యాచ్‌లూ ఓడించి, ఆ తర్వాత ఫైనల్ కూడా గెలిచి మొదటి టైటిల్ కొట్టాడు. వెయిట్స్ వల్లే గెలిచాడని చెప్పలేం, టీమ్ మొత్తం బాగుపడింది, కానీ షాట్ మాత్రం పోలేదు కదా. అసలు షాట్ చేతిలోంచి రాదు చెల్లీ, కాళ్లలోంచి వస్తుంది, చెయ్యి దారి చూపిస్తుందంతే. అలిసిపోయినప్పుడు నీ షాట్లు ఎక్కడ తగుల్తున్నాయో ఈసారి గమనించు, రింగ్ ముందు అంచుకి తగిలి కింద పడుతుంటే అది చెయ్యి తప్పు కాదు, మోకాళ్లు వంగట్లేదని అర్థం. కాబట్టి షాట్ కాపాడుకోవాలంటేనే కాళ్లకి బలం కావాలి. సార్ భయంలో కూడా ఒక నిజం ఉంది, కొత్తగా బరువులెత్తిన వారం పది రోజులు ఒళ్లు పట్టేసి షాట్ అటూ ఇటూ అవుతుంది, అందుకే వెయిట్స్ చేసిన రోజే తర్వాత తేలిగ్గా ఓ వంద షాట్లు దగ్గర నుంచి వేసుకోవాలి, ట్రయల్స్ నెలలో మాత్రం కొత్తగా మొదలుపెట్టకూడదు.

నీకు కావాల్సిన వెయిట్స్ ఆ జిమ్‌లో చేయించేవి కావు. అక్కడ చేసేది అద్దంలో కనిపించడానికి. గార్డ్‌కి కావాల్సింది తొడలు, పిరుదులు, పిక్కలు, నడుము. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, లంజెస్, ఒంటికాలి మీద పిక్కలు లేపడం, పైన పుష్‌అప్స్, రోయింగ్, ప్లాంక్, వారానికి రెండు రోజులు ముప్పావు గంట చాలు. మొదటి రెండు వారాలు ఖాళీ రాడ్‌తో ఫామ్ నేర్చుకోవడమే, ఆ తర్వాత ఐదారు సార్లు సరిగ్గా ఎత్తగలిగేంత బరువు, మధ్యలో రెండు మూడు నిమిషాలు రెస్ట్. మర్నాడు మెట్లు దిగలేకపోతున్నావంటే ఎక్కువైనట్టు. అమ్మ భయానికి కూడా సమాధానం ఇందులోనే ఉంది, ఆడవాళ్లలో కండలు పెంచే హార్మోన్ టెస్టోస్టిరాన్ మగవాళ్ల కంటే చాలా చాలా తక్కువ, వారానికి రెండు రోజుల వెయిట్స్‌తో ఎవరూ మగాడిలా అయిపోరు. నాన్నని అడిగి చూడమను, యార్డ్‌లో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, వీపు మీద మోసే హమాలీల్లో ఎంతమంది బక్కగా ఉంటారో. బలం వేరు, లావు వేరు.

కాలు గురించి నువ్వు రెండు లైన్లే రాశావ్ కానీ నాకు ఫిట్‌నెస్ కంటే అదే ఎక్కువ భయంగా ఉంది. ఒకసారి మడతపడిన చీలమండ మళ్లీ మడతపడే ఛాన్స్ ఎక్కువ, నీకు ఇప్పటికే రెండైపోయాయి. ఎన్‌బీఏ షూటర్ స్టెఫెన్ కరీకి 2011లో, 2012లో వరసగా చీలమండ సర్జరీలు జరిగాయి, కెరీర్ అయిపోయిందన్నారు, ఆ తర్వాత వాళ్ల ట్రైనర్లు చీలమండ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోకుండా తుంటి బలం పెంచే పని మీద పడ్డారు, దిశ మారేటప్పుడు భారమంతా చీలమండ మీద పడకుండా. నీకూ అదే వర్తిస్తుంది. పళ్లు తోముకునేటప్పుడు ఎడమ కాలి మీద నిలబడు, అలవాటయ్యాక కళ్లు మూసుకుని నిలబడు, ఆ తర్వాత ఒంటికాలి మీదే గోడకి బాల్ కొట్టి పట్టుకో. ఆడేటప్పుడు ఈ నాలుగు నెలలూ చీలమండకి సపోర్ట్ ఇచ్చే బ్రేస్ వేసుకో, సిగ్గుపడాల్సింది లేదు. ఇంకోటి, ఎగిరి దిగేటప్పుడు ఫ్రెండ్‌ని ఎదురుగా వీడియో తీయమను, మోకాళ్లు లోపలికి ఒంగి దగ్గరికి వస్తున్నాయేమో చూడు. ఆడపిల్లలకి మోకాలి లోపల ఉండే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగే ప్రమాదం మగపిల్లల కంటే కొన్ని రెట్లు ఎక్కువ, చాలాసార్లు ఎవరూ తగలకుండానే, కేవలం దిగడంలో తేడా వల్ల తెగుతుంది. తెగితే సర్జరీ, తొమ్మిది నెలల నుంచి ఏడాది ఇంట్లో. అందుకే రెండు కాళ్ల మీద మెత్తగా, మోకాళ్లు వంచి, చప్పుడు రాకుండా దిగడం రోజూ పది నిమిషాలు ప్రాక్టీస్ చెయ్, వార్మప్‌లో కలిపేసుకో.

తిండీ, నిద్రా వద్దన్నా చెప్పాల్సిందే. రాత్రి అన్నం ఇవాళే మొదలుపెట్టు. పప్పు, రెండు గుడ్లు, పెరుగు, ఆకుకూర, మీ ఇంట్లో తింటే చేపో కోడికూరో. గోంగూరలో ఐరన్ ఉందని అదొక్కటే నమ్ముకోకు, ఆకుకూరల్లోది ఒంటికి పట్టేది తక్కువ, పైన నిమ్మకాయ పిండుకుంటే కొంచెం ఎక్కువ పడుతుంది, భోజనం అవ్వగానే టీ తాగితే అది కూడా పోతుంది. పొద్దున గ్రౌండ్‌కి ఖాళీ కడుపుతో వెళ్లకు, ఒక అరటిపండైనా తిను. నిద్ర నీకు ఆరు గంటలు కూడా లేదు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ టీమ్ కుర్రాళ్లని కొన్ని వారాలపాటు రోజూ పది గంటలు మంచం మీద ఉండమన్నారు, 2011లో ఆ ఫలితాలు వచ్చాయి, స్ప్రింట్ టైమ్ తగ్గింది, ఫ్రీ త్రోలూ, దూరం నుంచి వేసే త్రీ పాయింటర్లూ రెండూ తొమ్మిది శాతం దాకా మెరుగయ్యాయి. చిన్న గ్రూపే, కానీ నువ్వు రాత్రి ట్రెడ్‌మిల్ మీద ఖర్చుపెట్టే గంట నిద్రకిస్తే ఎక్కువ లాభమని నేను ధైర్యంగా చెప్తాను.

ఇప్పుడు నువ్వు అడిగినదానికి వస్తాను. నీ ముందు దారులు రెండే ఉన్నట్టు రాశావ్, నాకు నాలుగు కనిపిస్తున్నాయి.

సార్ చెప్పినట్టే రౌండ్లు పెంచుకుంటూ పోవడం ఒకటి. ఇంట్లో గొడవ ఉండదు, సార్ మనసు నొచ్చుకోదు, కానీ కిందటేడు ఏ కారణంతో వెనక్కి వచ్చావో అదే కారణంతో మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, కాలు కూడా అలాగే ఉంటుంది. రెండోది సార్‌ని వదిలేసి విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఫిజియో, స్ట్రెంగ్త్ కోచ్ ఉన్న చోటికి వెళ్లడం. దీర్ఘకాలంలో మంచిదే కావచ్చు, నేను కాదనను. కానీ నాలుగు నెలల్లో కొత్త కోచ్ నీ ఆట అర్థం చేసుకునేసరికే ఒక నెల పోతుంది, హాస్టల్ ఖర్చు, తిండి మారడం, పైగా సార్‌కి చెప్పకుండా వెళ్లాననే బరువు నువ్వు మోసుకుంటూ ఆడాలి, నీ ఉత్తరం చదివితే ఆ బరువు నువ్వు మోయలేవని నాకు అనిపించింది.

మూడోది సార్ దగ్గరే ఉండి, దాపరికం లేకుండా, వారంలో రెండు రోజులు వెయిట్స్, రెండు రోజులు కోర్టు స్ప్రింట్లు కలపడం. నా మనసు దీని వైపు ఉంది. ఇందులో కష్టమేంటంటే మొదటి మాట నువ్వే మాట్లాడాలి, ఆయనకి కోపం రావొచ్చు, ఓ వారం ముభావంగా ఉండొచ్చు. జిమ్ విషయం ఆయనకి వేరేవాళ్ల ద్వారా తెలిస్తే ఇంకా ఎక్కువ నొచ్చుకుంటారు, గుంటూరులో ఆటవాళ్ల మధ్య ఏ మాటా దాగదు. "మీరు తప్పు సార్" అని మొదలెట్టకు, సెలక్టర్ అన్న మాట చెప్పి, కాలు మడతపడిన సంగతి చెప్పి, ఈ వీడియో చూడండి సార్, మోకాళ్లు ఎలా వస్తున్నాయో మీరే చెప్పండి అని ఆయన్నే అడుగు. ఫ్రీ త్రోల లెక్క ఆయన చేతికే ఇచ్చి రాయమను, వెయిట్స్ వల్ల షాట్ పోతోందో లేదో నెల తిరిగేసరికి ఆ లెక్కే చెప్తుంది. పోతోందని తేలితే ఆపేద్దాం సార్ అని ముందే ఒప్పుకో. పదేళ్లకి పైగా ఫీజు తీసుకోకుండా నేర్పిన మనిషి నీ మంచి కోరకుండా ఉంటారా. ఒకవేళ అప్పటికీ ససేమిరా అంటే, రెండో దారి గురించి ఆయనతో చెప్పే ఆలోచించు.

నాలుగోది ఎవరూ మాట్లాడనిది, ఈ ట్రయల్స్ వదిలేయడం. రిపోర్ట్‌లో ఐరన్ బాగా తక్కువ వస్తే హిమోగ్లోబిన్ కొన్ని వారాల్లో పెరిగినా నిల్వలు నిండటానికి మూడు నెలలో అంతకంటే ఎక్కువో పడుతుంది, పీరియడ్స్ మళ్లీ దారిలో పడటానికి కూడా టైమ్ కావాలి. సగం బాగైన ఒంటితో వెళ్లి రెండోసారి కూడా అదే మాట అనిపించుకుంటే సెలక్టర్ల దగ్గర ఆ ముద్ర ఉండిపోతుంది. రైల్వే లాంటి చోట్ల స్పోర్ట్స్ కోటాకి మామూలుగా 25 ఏళ్ల దాకా వయసు ఉంటుంది, నీకింకా టైమ్ ఉంది. కానీ దీనికి నాన్న ఒప్పుకోవాలి, ఆయన గడువు నాలుగు నెలలు. అప్పుడు బ్యాంక్ కోచింగ్‌కీ సరే అని, పొద్దున పూట ఆట మాత్రం ఒక ఏడాది ఉండనివ్వమని అడగొచ్చు, రెండూ చేయడం అలసటే, అయినా కుదరనిదేం కాదు. ఇది రిపోర్ట్ వచ్చేదాకా తేల్చుకోకు.

వెళ్లాలని నిర్ణయించుకుంటే మాత్రం చివరి పది రోజులు అన్నీ సగానికి తగ్గించెయ్, స్పీడ్ తగ్గించకు, ఎన్నిసార్లు అన్నది తగ్గించు. ఆ పది రోజుల్లో భయంతో ఎక్కువ చేసి కాళ్లు చచ్చుబడి వెళ్లేవాళ్లే ఎక్కువ. ఎండాకాలం పడితే రెండు వారాల ముందు నుంచే ట్రయల్స్ టైమ్‌కి కొంచెం కొంచెంగా ఎండలో అలవాటు పడు, ప్రాక్టీస్‌కి ముందూ తర్వాతా బరువు చూసుకో, కిలో తగ్గితే అదంతా నీళ్లే, ఉప్పేసిన మజ్జిగతోనో ఓఆర్ఎస్‌తోనో తిరిగి నింపుకో.

ఒంటి తత్వం అన్నావ్. ఆ మాట ఈ పనులన్నీ చేశాక ఆలోచిద్దాం, ఇప్పటిదాకా నీ ఒంటికి సరిగ్గా తిండీ, నిద్రా, బలమూ ఇచ్చి చూడలేదు కదా. ఆ పౌడర్ డబ్బా సీల్ తీయకపోతే తిరిగిచ్చెయ్, తీసినా వాడకు, రేపు నేషనల్స్ ఆడితే డోపింగ్ పట్టుకునే సంస్థ నాడా వాళ్లు టెస్ట్ చేయొచ్చు, అందులో ఏం కలిపారో ఆ ట్రైనర్‌కి కూడా తెలీదు, పాజిటివ్ వస్తే మాత్రం నిషేధం నీకే. డబ్బులు తిరిగొస్తే వాటితో బ్లడ్ టెస్టులు చేయించు, రిపోర్ట్‌లో ఏం వచ్చిందో, డాక్టర్ ఏమన్నారో నాకు రాయి.